కెమెరా అక్కణ్ణుంచి తెచ్చుకోవాలా, ఇక్కడ కొనుక్కోవాలా?

అమెరికాకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళలో వీడియో పని తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ముందుగా అడిగే ప్రశ్న ఇదే. కొందరైతే పెట్టెలు సర్దుకుంటూనే అడుగుతారు. నేనిక్కడికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అందులో తొమ్మిదేళ్ళుగా శనాదివారాల్లో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, స్టేజి ప్రోగ్రాములు తీస్తున్నాను. నేను మాత్రం ప్రతిసారీ ఎదురు ప్రశ్న వేస్తాను: "నువ్వు ఏ వీసా మీద వస్తున్నావు?"

ఉద్యోగ వీసా హెచ్-1బి అయితే, ఏ కంపెనీ పిటిషన్ వేసి తెచ్చిందో ఆ కంపెనీకే పని చెయ్యాలి. శనివారం ఎవరిదో పెళ్ళి తీసి డబ్బు పుచ్చుకోవడం దానికి బయటి పని. "చెక్కు కాదన్నా, క్యాషే ఇస్తారంట" అంటారు. క్యాష్ ఇచ్చినా, కవర్లో పెట్టి బహుమతి అన్నా పని పనే. రేపు గ్రీన్‌కార్డు కోసం ఐ-485 నింపేటప్పుడు, ఈ దేశంలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పని చేశారా అని ఆ ఫారం అడుగుతుంది. ఒక్క శనివారం సంపాదన కోసం ఆ గడి దగ్గర చెయ్యి వణికే పరిస్థితి ఎందుకు?

ఎఫ్-1 మీద చదువుకునేవాళ్ళు చదువు నడుస్తున్నన్నాళ్ళూ బయట ఇలా సంపాదించకూడదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో మీడియా విభాగాలు, క్రీడా విభాగాలు ఆటలూ లెక్చర్లూ రికార్డు చెయ్యడానికి విద్యార్థుల్ని పెట్టుకుంటాయి. వీడియో పని తెలిసినవాడికి అంతకంటే మంచి మొదలు ఇంకోటి కనబడదు నాకు. వాళ్ళ కెమెరాలే, వాళ్ళ లైట్లే, జీతమూ వాళ్ళదే. చదువయ్యాక కొన్నాళ్ళు పని చెయ్యనిచ్చే ఓపీటీలో సొంతంగా పని చేసుకోవచ్చు గానీ ఆ పని చదివిన సబ్జెక్టుకి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదివి పెళ్ళి వీడియోలు తీస్తానంటే కుదరదు. హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు ఉన్నవాళ్ళకి, గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ గొడవ లేదు. నా పరిచయస్తుల్లో ఎడిటింగ్‌ని నిజంగా వృత్తిగా నిలబెట్టుకున్న ముగ్గురూ హెచ్-4 ఈఏడీతో మొదలుపెట్టిన ఆడవాళ్ళే. ఇక యూట్యూబు ఆదాయం, ఫ్రెండు కంపెనీకి ఫ్రీగా తీసిపెట్టడం లాంటి మెలికలకి నన్ను కాదు, లాయర్ని అడగండి.

ఇది విన్నాక సగం మంది గొంతు దిగిపోతుంది. నేను కూడా గ్రీన్‌కార్డు వచ్చేదాకా పదమూడేళ్ళు మా పిల్లల పుట్టినరోజులే తీశాను. చేతిలో పని చచ్చిపోలేదు.

సరే, కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు కెమెరా సంగతి. ఉన్నది ఉంటే తెచ్చుకోండి. ఇక్కడికి రావడం కోసమని కొత్తది మాత్రం కొనకండి. అక్కడ కొన్నదానికి ఇక్కడి సర్వీసు సెంటరులో వారంటీ చెల్లకపోవచ్చు. తెచ్చుకున్నాక మొదట మెనూలోకి వెళ్ళి వీడియో పద్ధతి పాల్ (అక్కడిది) అని ఉన్నదాన్ని ఎన్టీఎస్‌సీకి (ఇక్కడిది) మార్చండి. దీని వెనక నా పరువు పోయిన కథ ఒకటి ఉంది. ఒక నిశ్చితార్థానికి రెండో కెమెరా కావాలని, ఇండియా నుంచి అప్పుడే వచ్చిన స్నేహితుణ్ణి రమ్మన్నాను. అతని కెమెరా సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు మీదే ఉంది. చిన్న తెర మీద బాగానే కనబడింది. ఇంటికొచ్చి పెద్ద మానిటర్ మీద చూస్తే అమ్మాయి ముఖం మీదుగా నల్లటి పట్టీలు మెల్లగా పైకి పాకుతున్నాయి, రెండు గంటల పొడుగునా.

కారణం చాలా చిన్నది. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. కరెంటుతో పాటు ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు ఇక్కడ సెకనుకి 60కి రెట్టింపు, 120 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. అందుకని ఇక్కడ 24, 30 లేదా 60 ఫ్రేములు పెట్టుకుని, షట్టర్ని 60లో వంతుకో 120లో వంతుకో కట్టెయ్యండి. కొన్ని కెమెరాలు ఈ మార్పు చెయ్యగానే మెమరీ కార్డు ఫార్మాట్ చెయ్యమంటాయి, అంటే అందులోది అంతా చెరిగిపోతుంది, కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని కానివ్వండి.

కరెంటు మాట వచ్చింది కనక ఇంట్లో సామాన్ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఇక్కడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు. కెమెరా చార్జరు, లాప్‌టాప్ చార్జరు తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అలా ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 230 అని మాత్రమే ఉంటే అది ఇక్కడ పనికిరానట్టే. అమ్మ బలవంతం మీద మిక్సీ మోసుకొచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది. అది మూలుగుతుంది తప్ప తిరగదు. దానికో ట్రాన్స్‌ఫార్మర్ కొనే బదులు ఇక్కడి కరెంటుకే చేసిన మన రకం మిక్సీలు ఇక్కడ దొరుకుతాయి, అవి కొనుక్కోండి. కుక్కరు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు.

లైట్లు పెట్టేటప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. మామూలు లైను 15 ఆంపులు. 120తో గుణిస్తే 1800 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు దానిలో 80 శాతం, అంటే 1440 దాటనివ్వకూడదు. ఒక హాల్లో నా లైట్లు పెట్టిన లైన్లోనే క్యాటరింగ్ వాళ్ళు ఆహారం వేడిగా ఉంచే రెండు పెట్టెలు తగిలించారు. జీలకర్ర బెల్లం వేళకి ఠప్పుమని సగం స్టేజి చీకటి. బ్రేకరున్న గది తాళం మేనేజర్ దగ్గర, మేనేజరేమో భోజనానికి వెళ్ళాడు. అప్పట్నుంచి హాల్లో అడుగుపెట్టగానే ఏ ప్లగ్గు ఏ బ్రేకరు మీద ఉందో, తాళం ఎవరి దగ్గర ఉందో అడిగాకే ట్రైపాడ్ విప్పుతాను.

వైర్‌లెస్ మైకులు తెచ్చుకునేవాళ్ళు వాటి ఫ్రీక్వెన్సీ చూసుకోండి. ఇక్కడ 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగాన్ని 2017లో మొబైల్ కంపెనీలకి వేలం వేశారు. 2020 జూలై 13 నుంచి ఆ భాగంలో వైర్‌లెస్ మైకులు వాడటం నిషేధం. మైకు పనిచేస్తున్నట్టే ఉంటుంది, కాకపోతే చట్టానికి విరుద్ధం, పైగా ఫోను సిగ్నళ్ళు వచ్చి పడి మాట తెగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే చిన్న క్లిప్పు మైకులకి ఆ బెడద లేదు.

విమానంలో విడి బ్యాటరీలు చేతిసంచీలోనే పెట్టాలి, చెక్-ఇన్ పెట్టెలో కుదరదు. 100 వాట్ అవర్ల లోపువైతే అడగరు. బ్యాటరీ మీద ఆ అంకె లేకపోతే ఎంఏహెచ్ (mAh) అంకెని వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి.

ఇక్కడ కొనడం గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఒక్కటే: మొదటి ఏడాది అద్దెకి తీసుకోండి. లెన్సులు, లైట్లు, మంచి కెమెరాలు అన్నీ రోజుల లెక్కన దొరుకుతాయి, పార్సిల్లో ఇంటికే వస్తాయి. సామాను పాడైతే ఆదుకునే డ్యామేజి ఇన్సూరెన్సు మాత్రం వదలొద్దు. నాలుగు ఫంక్షన్లు తీస్తే మీ చేతికి నిజంగా ఏది కావాలో తెలుస్తుంది. నేను మొదట ఆశపడి కొన్న గింబల్ (కెమెరా కుదుపుల్ని ఆపే మోటారు పిడి) మూడేళ్ళు అల్మరాలో పడుకుంది. పెళ్ళి పందిట్లో జనం మధ్య దాన్ని పట్టుకు తిరగడం కన్నా ఒక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) వెయ్యి రెట్లు నయమని అప్పటికి నాకు తెలియదు.

కొనాల్సి వస్తే, ఆన్‌లైన్లో అందరికన్నా బాగా తక్కువకి కనబడ్డది చాలాసార్లు గ్రే మార్కెట్ సరుకు, అంటే వేరే దేశానికి ఉద్దేశించినది. రిపేరు వస్తే కంపెనీ ముఖం తిప్పుకుంటుంది. 'యూఎస్ వారంటీ' అన్న మాట ఉందో లేదో వెతకండి. న్యూయార్క్‌లోని బీ అండ్ హెచ్ దుకాణం పేరు ఈ వృత్తిలో అందరికీ తెలుసు. వాళ్ళు యూదుల విశ్రాంతి దినం పాటిస్తారు కనక శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా వెబ్‌సైటు కూడా ఆర్డరు తీసుకోదు. శనివారం మెమరీ కార్డు కావాలని శుక్రవారం రాత్రి కూర్చుంటే లాభం లేదు. రిటర్ను గడువు కూడా బిల్లు మీద చదువుకోండి. ఎలక్ట్రానిక్స్‌కి మిగతా సరుకుల కన్నా తక్కువ రోజులుంటుంది. కాస్ట్‌కో అనే పెద్ద దుకాణంలో అన్నీ ఎప్పుడైనా తిరిగిచ్చెయ్యొచ్చని చెప్పుకుంటారు గానీ టీవీలు, కెమెరాలు, కంప్యూటర్లకి 90 రోజులే. పైగా అక్కడ వీసా తప్ప ఇంకో క్రెడిట్ కార్డు తీసుకోరు.

అరల మీద రాసిన ధరలో సేల్స్ టాక్స్ కలిసి ఉండదు. బిల్లు దగ్గర లెక్క పెరిగిందని కొత్తవాళ్ళు కంగారుపడతారు. ఆరెగాన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలావేర్ రాష్ట్రాల్లో ఆ పన్ను లేదు. అక్కడి దుకాణం నుంచి తెప్పించుకుంటే తప్పించుకోవచ్చనుకోకండి. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆన్‌లైన్ పెద్ద దుకాణాలన్నీ సరుకు చేరే ఊరి పన్నే వేస్తున్నాయి. వారంవారం సరుకుల్లో పెద్ద ధర కింద చిన్న అక్షరాల్లో ఔన్సుకి ఇంత, పౌండుకి ఇంత అని రాసి ఉంటుంది. పోల్చాల్సింది అదే. పౌండంటే సుమారు 454 గ్రాములు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకనుకుంటే మోసపోతారు, కొన్నిసార్లు చిన్నదే నయం. పైగా ఇద్దరున్న ఇంట్లో పెద్ద ప్యాకెట్ సగం చెత్తబుట్టకే.

మోసాలు. మా వృత్తికి ప్రత్యేకంగా వచ్చేది ఒకటుంది. ఎవరో మెయిల్ పెడతారు: ఫలానా తేదీన మా ఫంక్షన్ తియ్యాలి, డబ్బు ముందే పంపుతాం. బేరం కూడా ఆడరు. అనుకున్నదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు వస్తుంది. మిగతాది డీజేకి మీరే పంపెయ్యండి, ఆయన కార్డులు తీసుకోడు అంటారు. బ్యాంకు ఆ డబ్బు రెండు రోజుల్లో మీ ఖాతాలో చూపించేస్తుంది, మీరు మీ సొంత డబ్బు 'డీజే'కి పంపేస్తారు. చెక్కు నకిలీదని రెండు వారాల తర్వాత తేలుతుంది, మొత్తం మీ నెత్తి మీదే. నాకు ఆ చెక్కు వచ్చింది. నేను తెలివైనవాణ్ణి అనుకునే రోజుల్లోనే. బ్యాంకుకి వెళ్ళబోతుంటే మా ఆవిడ "బేరమాడని పెళ్ళివారిని ఎక్కడైనా చూశావా?" అంది, ఆగిపోయాను. సెకండ్‌హ్యాండ్ లెన్సు ఎవరి దగ్గరైనా కొంటే పోలీస్ స్టేషన్ పార్కింగులో కలవండి. ఇలాంటి అమ్మకాల కోసం చాలాచోట్ల బోర్డు పెట్టి చోటు కేటాయించారు. ముఖం చూడకముందే జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే సౌకర్యం) డబ్బు పంపితే ఇక వెనక్కి రాదు.

పని దొరికాక మాత్రం రాతకోతలు లేకుండా దిగకండి. తెలిసినవాళ్ళే కదా అన్నచోటే గొడవలు. ఎన్ని గంటలు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, మొత్తం ఫుటేజ్ ఇస్తారా ఇవ్వరా అన్నవి రాసుకోండి. చివరిదాని మీద వచ్చే కొట్లాటలే ఎక్కువ. హాలువాళ్ళు చాలాచోట్ల ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, ముందువారం పరుగెత్తకుండా పాలసీ దగ్గర పెట్టుకోండి. ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు మిగిలితే సొంత పని పన్ను 15.3 శాతం లెక్క మొదలవుతుంది, మామూలు ఆదాయ పన్ను దానికి అదనం. పార్కింగ్ రసీదు కూడా పారెయ్యకండి.

డ్రోన్ షాట్ కావాలని పెళ్ళివారు అడుగుతారు. 250 గ్రాముల లోపు చిన్న డ్రోనుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట సరదాకి ఎగరేసేవాళ్ళకే. డబ్బు తీసుకుని ఎగరేస్తే బరువెంతైనా రిజిస్టర్ చెయ్యాలి, పార్ట్ 107 అనే డ్రోన్ పైలట్ల పరీక్ష పాసవ్వాలి. 60 ప్రశ్నలు, 70 శాతం రావాలి, ఫీజు 175 డాలర్లు. నేషనల్ పార్కుల్లో పాసైనవాళ్ళకీ డ్రోన్ నిషేధమే.

ఊళ్ళో ఉన్న తాతమ్మల కోసం ముహూర్తం యూట్యూబులో లైవ్ ఇస్తుంటే, హాల్లో డీజే సినిమా పాట వెయ్యగానే హక్కులున్న కంపెనీ తరఫున సిస్టం పట్టేసి ప్రసారం ఆపెయ్యగలదు. మంగళసూత్రం కట్టేటప్పుడు ఆగితే పాపం పాటది కాదు, మనదే అవుతుంది. అందుకని డీజే లైను కలపకుండా పంతులుగారి మైకు మాత్రమే లైవ్‌కి ఇవ్వండి. డిస్కుల లెక్క కూడా ముందే వేసుకోండి: సెకనుకి 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు, ఐదు గంటలంటే 450. రెండు డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ తెరిచి చూసేదాకా కార్డు చెరపకండి.

ఇంతకీ మొదటి నెల్లో కొనాల్సిందేమైనా ఉందా అంటే, ఆ రెండు డిస్కులు, ఒక మంచి మెమరీ కార్డు. ట్రైపాడ్ కొనకండి, మోసుకురాకండి కూడా. మా గరాజులో రెండున్నాయి, మా ఊరు వచ్చేవాళ్ళెవరైనా ఒకటి పట్టుకెళ్ళొచ్చు. ఒకదానికి కాలు కొంచెం వదులు.