గడ్డి గులాబీ తీగలు సాగుతున్నాయి గానీ పూలు రావట్లేదు, ఎందుకు?

కడియం నర్సరీల్లో కొన్నప్పుడు కుండీ నిండా పూలుంటాయి, ఇంటికొచ్చాక నెలకే కాడలు పొడుగ్గా సాగిపోయి పూలు ఆగిపోతాయి, అదేగా మీ బాధ? ముందు ఎండ చూడండి. దీనికి రోజూ కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి, వరండాలో కొబ్బరిచెట్టు నీడలో పెడితే మొగ్గ వేసినా విచ్చుకోదు. పువ్వు ఉన్నదే ఒక్క పూట, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుపోద్ది, అది జబ్బు కాదండీ.

రెండోది మట్టి. మన డెల్టా ఒండ్రుమట్టి వరికి బంగారమే, దీనికి మాత్రం పనికిరాదు, నీళ్లు పట్టేసి వేరు కుళ్లుతుంది. సగానికి సగం ఇసుక కలపండి, కుండీ అడుగు చిల్లు మూసుకుపోయిందేమో కూడా చూడండి. గంగపావిలి కూర జాతే ఇది, ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది కాబట్టి పైమట్టి పొడిబారాకే నీళ్లు పోయాలి. యూరియా అసలొద్దు, ఆకే పెరుగుద్ది.

ఇప్పుడు ఆ సాగిన కాడల్ని మొహమాటపడకుండా సగానికి కత్తిరించేయండి, పక్కల నుంచి కొత్త చిగుళ్లొస్తాయి, పూలు వాటి చివర్లోనే పూస్తాయి. కోసిన ముక్కలు పారేయొద్దు, కింది ఆకులు గిల్లేసి తడి ఇసుకలో గుచ్చితే రెండు వారాల్లోపే వేళ్లు పట్టేస్తాయి. ఆషాఢం వానలకి పాత మొక్క కుళ్లిపోయినా ఇవుంటాయి. కణుపుల దగ్గర తెల్లగా దూదిలా కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు, వేపనూనె కొట్టండి.