తాతగారి మండువా ఇల్లు బాగుచేయిస్తానంటే భార్య మాట్లాడడం మానేసింది

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. తాతగారు కట్టించిన మండువా లోగిలి అమ్మ పోయినప్పటి నుంచి తాళం వేసి ఉంది. పెంకులు జారిపోయాయి, వాసాలకు చెదలు పట్టాయి, గోడలు చెమ్మగిల్లాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పర్సనల్ లోన్ తీసుకుని బాగుచేయిస్తానంటే నా భార్య “అక్కడ ఎవరుంటారు?” అని అడిగి, అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. చెల్లెలు మాత్రం “నీ ఇష్టం అన్నయ్యా” అంది. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదు. అలాంటి ఇళ్లను పడగొట్టి స్లాబు వేసేస్తున్న రోజుల్లో నిలబెట్టాలనుకోవడం నాకైతే సంతోషమే. అయితే మీ ఆవిడ అడిగినదానికి మీ ఉత్తరంలో ఎక్కడా జవాబు లేదు. సంక్రాంతికి వెళ్లి రావడానికా, రిటైరయ్యాక ఉండడానికా, అద్దెకివ్వడానికా? పండక్కయితే కప్పు, ఒక గది, స్నానాలగది బాగుంటే చాలు. కాపురానికైతే ఖర్చు ఎన్నో రెట్లు. పైగా పండక్కి చుట్టాలందరూ దిగితే వంటింట్లో నిలబడేది ఎవరో ఆవిడకు బాగా తెలుసు. ఆ సంగతి మీరు ఎత్తకుండా ఆవిడ ఎందుకు ఒప్పుకుంటుంది?

లోన్ సంగతి. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన స్థలంలో, ఉన్న పాత ఇళ్లకు చాలాచోట్ల సరైన దస్తావేజులుండవు, అందుకే గృహరుణం దొరకడం కష్టం. మీరు పర్సనల్ లోన్ అంటున్నది బహుశా అందుకే. దాని వడ్డీ ఎక్కువ, కట్టాల్సింది ఇద్దరి సంసారం నుంచే. ముందు కాగితం మీద లెక్క వేసి ఆవిడకు చూపించండి.

ఈలోగా ఇల్లు కూలిపోతుందని భయపడకండి. ఈ ఏడాదికి నీళ్లను ఆపితే చాలు. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పు నీళ్లూ నడిమి గుంటలోకి దిగి తూము ద్వారా బయటికి పోవాలి. మూసి ఉన్న ఇళ్లలో ఆ తూము ఆకులతో, మట్టితో పూడిపోతుంది. నీరు అక్కడే నిలిచి గోడల అడుగుకు చెమ్మ ఎక్కుతుంది. తూము తీయించండి. రెండు వాలులు కలిసే మూలల్లో రేకులు తుప్పు పట్టాయేమో చూడండి, జారిన పెంకులు సర్దించండి. వాసాలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే ఏది డొల్లో, ఏది గట్టిదో తెలిసిపోతుంది. అన్నీ మార్చాలనే మేస్త్రీ మాట వెంటనే నమ్మకండి. సున్నపు గోడలకు సిమెంటు పూత మాత్రం వద్దే వద్దు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే ఉండి, పూత పెచ్చులుగా ఊడుతుంది. గానుగలో నూరిన సున్నంతో పూత వేసే పని తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువే, వెతకాలి. ఇవి నెలల తరబడి సాగే పనులు కావు, వీటికి లోన్ అవసరం ఉండకపోవచ్చు.

ఇక చెల్లెలు. “నీ ఇష్టం” అంటే తన వాటా వదులుకున్నట్టు కాదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పూర్వీకుల ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. పెళ్లి చేశాం, కట్నం ఇచ్చాం అన్నంత మాత్రాన అది పోదు. మీరు లక్షలు పోశాక వాటా అడిగితే అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోతాయి. తను నిజంగా వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి, వాటా కావాలంటే పంపకం రాసుకోవాలి. లాయరు దగ్గరికి వెళ్లే ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి. వాట్సాప్‌లో సందేశం పెట్టకండి, వాళ్లింటికి వెళ్లండి. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి.