కంచం ఎందుకు వేరు పెట్టుకున్నారు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. వయసు 34. బట్టల షాపు ఉంది. ఫిబ్రవరిలో సరుకు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు ఒకామెతో లాడ్జిలో గడిపాను. కండోమ్ వాడాను కానీ చివర్లో చినిగిందేమోనని అనుమానం. 30, 46, 92 రోజులకు ప్రైవేటు ల్యాబులో ఫోర్త్ జనరేషన్ హెచ్ఐవీ టెస్టు, 110వ రోజున కడప పెద్దాసుపత్రిలో ఇంకో టెస్టు చేయించాను. నాలుగూ నాన్ రియాక్టివే, అంటే హెచ్ఐవీ ఆనవాళ్లు లేవనే వచ్చింది. అయినా మెడ దగ్గర గడ్డలు తగులుతున్నాయి, నాలుక తెల్లగా ఉంది, రాత్రిళ్లు చెమటలు, నాలుగు కిలోలు తగ్గాను. మా బాబుకు నాలుగేళ్లు. నా కంచంలో చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాను. అప్పటి నుంచి నా కంచం, గ్లాసు వేరే. భార్య దగ్గరికి పోవడమే మానేశాను. 'నా మీద కోపమా' అని ఆమె ఏడుస్తోంది, దిష్టి కూడా తీయించింది. ఇంత తప్పు చేసినవాడికి ఏమీ కాకుండా ఎలా ఉంటుంది? వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్ఎన్ఏ టెస్టు చేయించుకోవాలా? భార్యకు చెప్పేయాలా?

జవాబు: ఆర్ఎన్ఏ టెస్టు వద్దు. ఆ డబ్బు ఉంచుకోండి.

ఫోర్త్ జనరేషన్ టెస్టు వైరస్‌తో పోరాడటానికి మీ ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలతో పాటు వైరస్‌లోని పి24 అనే ముక్కను కూడా వెతుకుతుంది. ల్యాబులో రక్తం తీసి చేస్తే 45 రోజులకల్లా దాదాపు తేలిపోతుంది. యాంటీబాడీ మాత్రమే చూసే టెస్టులకు కూడా మూడు నెలలు చాలు. మీ 46వ రోజు రిపోర్టుతోనే ధైర్యం తెచ్చుకోవాల్సింది. 92వ రోజుతో లెక్క పూర్తయింది. ఈ మధ్యలో మళ్లీ అలాంటి సంబంధం లేకపోతే, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వాడి ఉండకపోతే, ఆ రాత్రి వల్ల మీకు హెచ్ఐవీ రాలేదు. ఆరు నెలలు ఆగాలి అన్నది పాత టెస్టుల కాలం నాటి మాట. నెట్‌లో ఆ పాత మాట ఇంకా తిరుగుతోంది. మీరు అర్ధరాత్రి వెతికినప్పుడల్లా అదే కంటబడుతుంది.

ఇక ఆ గడ్డల సంగతి. రోజుకు ఎన్నిసార్లు నొక్కి చూసుకుంటున్నారో లెక్కపెట్టారా? మెడలో చిన్న చిన్న గ్రంథులు చాలామందికి చేతికి తగులుతాయి. పదేపదే నొక్కితే నొప్పెడతాయి, నొప్పెడితే మళ్లీ నొక్కుతారు. ఫోన్ టార్చి వేసి అద్దంలో నాలుక చూసుకుంటే ఎవరి నాలుకైనా కాస్త తెల్లగానే కనిపిస్తుంది. చెమటలంటారా, ప్రొద్దుటూరులో ఎండాకాలం రాత్రి చెమట పట్టనివాళ్లెవరు చెప్పండి! బరువు మాత్రం ఒక ఫిజీషియన్‌కు చూపించండి. తిండి, నిద్ర సరిగా లేకపోవడమే కారణం కావచ్చు. షుగర్, థైరాయిడ్ లాంటివి కూడా ఆయన చూస్తారు. ఒక్కసారి చూపించుకుంటే చాలు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఇది: 'ఇంత తప్పు చేసినవాడికి ఏమీ కాకుండా ఎలా ఉంటుంది?' మీ భయమంతా అక్కడే ఉందనిపిస్తోంది. తప్పు చేశాను, శిక్ష పడాలి, ఆ శిక్ష హెచ్ఐవీ రూపంలోనే రావాలి అని మనసు ముందే తీర్పు రాసేసుకుంది. అందుకే నాన్ రియాక్టివ్ అని కాగితం మీద చూసినా అది నమ్మదు. టెస్టు చేయించుకున్న రోజు కాస్త తెరిపి. రెండు రోజులకు 'ల్యాబువాడు శాంపిల్ మార్చేశాడేమో' అని కొత్త అనుమానం. ల్యాబు అబ్బాయి 'ఏమన్నా, మళ్లా వచ్చినావే?' అని అడిగే దాకా వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఎన్ని టెస్టులు చేయించినా అవి అనుమానాన్ని తీర్చవు, దానికి మేత వేస్తాయి.

ఒక విషయం గమనించారా? హెచ్ఐవీకి నాలుగు టెస్టులు చేయించుకున్న మీరు అలాగే లైంగికంగా సోకే సిఫిలిస్‌కు గానీ, హెపటైటిస్ బికి గానీ ఒక్కటి కూడా చేయించుకున్నట్టు రాయలేదు. కండోమ్ చినిగిందన్న అనుమానం ఉన్నప్పుడు అవీ చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్ ఇందుకే ఉంది. అవి కూడా తేలేదాకా భార్యతో కలిస్తే కండోమ్ వాడండి.

ఇదే భయంతో ఈ ఉత్తరం చదువుతున్నవాళ్లకు ఒక మాట. సంఘటన జరిగి 72 గంటలు దాటకపోతే టెస్టు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవసరమనుకుంటే 28 రోజుల మందులిస్తారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. విండో పీరియడ్‌లో, అంటే వైరస్ సోకినా టెస్టులో ఇంకా బయటపడని రోజుల్లో, రక్తదానం చేయకండి.

మళ్లీ మీ ఇంటికొద్దాం. హెచ్ఐవీ ఉన్నవాళ్ల కంచంలో తిన్నా అది అంటదు. గ్లాసు వల్లా అంటదు, ముద్దు చేస్తే బిడ్డకూ అంటదు. మీ తలలో ఉన్నది గోడల మీద పుర్రె బొమ్మ వేసి భయపెట్టిన రోజుల నాటి హెచ్ఐవీ. ఇవాళ హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో అవి ఉచితం. రోజూ మాత్ర వేసుకుని వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలిస్తే, వాళ్ల నుంచి భార్యకో భర్తకో లైంగికంగా సోకదు. వాళ్లే ఇంట్లో అందరితో కలిసి తింటున్నారు. ఏమీ లేని మీరు కంచం వేరు పెట్టుకున్నారు! ఈ రాత్రి బాబును పక్కన కూర్చోబెట్టుకుని తినండి. చెయ్యి వణుకుతుంది, అయినా తినండి.

చెయ్యి మెడ మీదికి పోయినప్పుడు 'పదిహేను నిమిషాల తర్వాత చూసుకుంటా' అనుకుని షాపులో పనేదైనా అందుకోండి. భయం మొదట పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. రెండు మూడు వారాల్లో తేడా లేకపోతే సైకియాట్రిస్టును కలవండి. ఇలాంటి ఆందోళనకు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది. అర్ధరాత్రి గూగుల్ తెరిచే బదులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. హెచ్ఐవీ సందేహాలకు 1097 ఉంది.

భార్యకు చెప్పడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సిఫిలిస్, హెపటైటిస్ బి టెస్టుల్లో ఏదైనా తేలితే ఆమెకూ పరీక్ష, చికిత్స కావాలి, అప్పుడు దాచే హక్కు మీకు లేదు. ఏమీ లేదని తేలితే, చెప్పాలా వద్దా అన్నది ఈ గందరగోళంలో నిర్ణయించకండి. మీ గుండె బరువు దించుకోవడానికి ఏ రాత్రి రెండింటికో నిద్ర లేపి చెబితే, ఆ బరువు ఆమె మీద పడుతుంది. కుదుటపడ్డాక, కావాలంటే కౌన్సెలర్ సమక్షంలో చెప్పవచ్చు. కానీ ఆమె కన్నీళ్లకు జవాబు రేపటికి వాయిదా వేయొద్దు. 'నీ మీద కోపం కాదు. కొన్ని నెలలుగా నా ఆరోగ్యం గురించి విపరీతమైన భయం పట్టుకుంది, డాక్టర్‌కు చూపించుకుంటున్నాను' అని చెప్పండి. అందులో ఒక్క అబద్ధమూ లేదు.

సురక్ష క్లినిక్‌కు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు తీసుకెళ్లండి. వాళ్లు చీటీ మీద హెచ్ఐవీ అని కూడా రాయబోతే, 92వ రోజు కాగితం చూపించి 'అది అయిపోయిందండీ' అనండి.