పద్దెనిమిది నిండగానే ప్రొఫెషనల్ బాక్సర్ అవుతానంటోంది, ఏం చెప్పమంటారు?

ప్రశ్న: మాది విజయవాడ. మావారి ఐటీ ఉద్యోగం వల్ల కొన్నేళ్లుగా మెక్సికోలో, గ్వాడలహారా పక్కనున్న సపోపాన్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 17 ఏళ్లు. ప్రెపా, అంటే మన ఇంటర్ లాంటిది, చివరి సంవత్సరం. 2023 మే నెలలో ఇక్కడి స్టేడియంలో మెక్సికన్ స్టార్ బాక్సర్ కనెలో అల్వారెజ్ బౌట్ జరిగినప్పటి నుంచి దానికి బాక్సింగ్ పిచ్చి పట్టింది. అమెచ్యూర్‌లో కొన్ని బౌట్లు గెలిచింది కూడా. ఇప్పుడు ఒక లోకల్ ప్రమోటర్ వచ్చి, 18 నిండగానే ప్రొఫెషనల్ అయితే ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇస్తానంటున్నాడు. ‘మెక్సికన్ రింగ్‌లో ఇండియన్ అమ్మాయి’ అని పోస్టర్లు వేస్తాడట. మావారు మన నిఖత్ జరీన్‌లా అవుతుందని మురిసిపోతున్నారు. ముక్కో దవడో పగిలితే రేపు పెళ్లెలా అని నాకు ఒకటే టెన్షన్. ఇంజనీరింగ్ మంచిదా, బాక్సింగా? పోల్చి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ మెయిల్ చాలా పెద్దది, కుదించి వేశాను. మొత్తం వెతికితే ఇంజనీరింగ్ అన్న మాట ఒక్కచోట కనిపించింది. ముక్కు, దవడ, పెళ్లి, చుట్టాలు మాత్రం పేరా పేరాకీ ఉన్నారు. అందుకే ముందు వాటి సంగతి చూసి పోలిక దగ్గరకు వస్తాను.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరింట్లో క్రికెట్, ఒకరింట్లో చెస్, ఇంకొకరింట్లో కూచిపూడి. పిల్ల తనకు నచ్చిందేదో తనే వెతుక్కుంటుంది, చూస్తుండగానే అందులో మనకన్నా నాలుగాకులు ఎక్కువ చదివేస్తుంది. మనకు బొత్తిగా తెలియని లోకంలోకి వెళ్లిపోతోందని లోపల గుబులు. దాన్ని అలా చెప్పుకోలేక పెళ్లి ఎలా అంటాం. మీ గుబులు నాకు అర్థమైంది. కానీ ముక్కు విరిగితే డాక్టర్ సరిచేస్తాడు. ముక్కు చూసి వెనక్కిపోయే సంబంధం పోతేనే మంచిది. ఆ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

భయపడాల్సింది తలకు తగిలే దెబ్బ గురించి. అంత పెద్ద మెయిల్‌లో దాని గురించి మీరుగానీ మీవారుగానీ ఒక్క ముక్క రాయలేదు. నాకు కాస్త కోపం వచ్చిన మాట కూడా నిజం.

హానెట్ సకరియాస్ సపాతా అనే బాక్సర్‌ది అగ్వాస్‌కాలియెంతెస్, మీ పక్క రాష్ట్రమే. 2021 మే నెలలో మెక్సికోలోనే ఒక బౌట్‌లో నాకౌట్ అయింది. ఆగస్టు 28న కెనడాలోని మాంట్రియల్‌లో మళ్లీ రింగ్ ఎక్కింది. నాలుగో రౌండ్‌లో వరసగా పంచ్‌లు తిని, ఫిట్స్ వచ్చి రింగ్‌లోనే పడిపోయింది. ఐదు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయింది. వయసు 18. బౌట్‌కి ముందు వైద్య పరీక్షలన్నీ పాసైందని నిర్వాహకులు చెప్పారు. మరుసటి ఏడాది మే నెలలో అలెహాంద్రా అయాలా అనే ఇంకో మెక్సికన్ బాక్సర్ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో హన్నా రాంకిన్ చేతిలో పదో రౌండ్‌లో ఓడింది. మెదడుకు ఆపరేషన్ చేసి, కోమాలో ఉంచారు. ఆమె బతికి బయటపడింది.

ఈ ఇద్దరూ పరాయి దేశం వెళ్లి, అక్కడి బాక్సర్ సొంత జనం ముందు ఆడినవాళ్లు. మీ ప్రమోటర్ చెప్పని సంగతి ఇక్కడే ఉంది. మెక్సికన్ అమ్మాయిలకు విదేశాల్లో గిరాకీ బాగా ఉంటుంది. మొండిగా ఆడతారని పేరు, పిలిస్తే తక్కువ సమయంలోనైనా వస్తారని పేరు. ఆ గిరాకీలో చాలా భాగం అక్కడి బాక్సర్ రికార్డుకు ఇంకో గెలుపు కలపడానికే. బాక్స్‌రెక్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ప్రతి ప్రొఫెషనల్ బాక్సర్ బౌట్లూ అందులో వరసగా ఉంటాయి. గెలిస్తే ఆకుపచ్చ, ఓడితే ఎరుపు. ఈ రాత్రి మీరూ మీవారూ కూర్చుని, మెక్సికో నుంచి బయటికి వెళ్లి ఆడిన పదిమంది అమ్మాయిల పేజీలు తెరవండి. ఛాంపియన్లవి కాదు, పేరు ఎప్పుడూ విననివాళ్లవి. ఊరి పేరు మెక్సికోలో ఉన్నంతవరకు ఏ రంగు, విదేశం వచ్చేసరికి ఏ రంగు అని చూడండి. ఒక ఓటమికీ తర్వాతి బౌట్‌కీ మధ్య ఎన్ని వారాలున్నాయో కూడా చూడండి. ప్రమోటర్ మంచివాడా కాదా అన్నది అతని మాటల్లో కన్నా, అతని దగ్గర ఆడుతున్న అమ్మాయిల పేజీల్లో బాగా తెలుస్తుంది.

ఇదంతా చదివి గ్లవ్స్ తీసుకెళ్లి అటక మీద పడేయకండి. ఆడపిల్ల బాక్సింగ్ నేర్చుకోవడానికి ఇవాళ ప్రపంచంలో మంచి చోట్లు కొన్నే ఉన్నాయి. అలాంటి దేశంలోనే మీరున్నారు. అది ఊరికే రాలేదు. 1940ల్లో మెక్సికో సిటీలో ఆడవాళ్ల బాక్సింగ్‌ని నిషేధించారు. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ కదిలించలేదు. లౌరా సెర్రానో అనే లా విద్యార్థిని 1994లో లాస్ వేగాస్ వెళ్లి, అప్పటి అమెరికన్ స్టార్ క్రిస్టీ మార్టిన్‌తో డ్రా చేసుకుంది. అదే అమ్మాయిని సొంత ఊళ్లో రింగ్ ఎక్కనివ్వకపోతే కోర్టుకెళ్లింది. 1990ల చివరకు ఆ నిషేధం పోయింది. 2005లో తిహువానాకు చెందిన జాకీ నావా డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) మహిళల టైటిల్ గెలిచిన మొదటి తరం ఛాంపియన్ అయింది. ఆనా మరీయా తోర్రెస్ పేరు 2024లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. శనివారం రాత్రి మామూలు టీవీ చానల్లో, డబ్బు కట్టక్కర్లేకుండా, అమ్మాయిల బౌట్లు ఇంటిల్లిపాదీ చూసే దేశం అది. మీ అమ్మాయి జిమ్‌కి వెళ్తే అక్కడ ఎవరూ వింతగా చూడరు. మీ చుట్టాల వాట్సాప్ గ్రూపులోనే వింత.

అయితే ఆ పేర్లనే ఇంకోసారి చూడండి. లౌరా సెర్రానో న్యాయశాస్త్రం చదివింది. నావా ఆర్కిటెక్ట్, తర్వాత పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. ప్రపంచ టైటిల్ గెలిచిన ఇర్మా గార్సియా మెక్సికో సిటీ పోలీసు. ఛాంపియన్లకే పక్కన ఒక డిగ్రీయో ఉద్యోగమో ఎందుకు ఉందంటారు? ఛాంపియన్ బెల్ట్ ఉన్నా దాని మీదే ఇల్లు గడవడం కష్టం కాబట్టి.

ఇక్కడ మీవారితో రెండు మాటలు. అయ్యా, మీరు పంపిన లింకులు చూశాను. 2022 ఏప్రిల్ 30న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కేటీ టేలర్, అమాండా సెర్రానో ఆడారు, ఒక్కొక్కరికీ మిలియన్ డాలర్లకు పైగా వచ్చింది, నిజమే. 2025 జులైలో అదే చోట అందరూ ఆడవాళ్లే ఆడిన పెద్ద షో జరిగింది, అదీ నిజమే. దాంతో ‘మహిళల బాక్సింగ్‌కి టైమొచ్చింది’ అనే మాట ఇప్పుడు ప్రతి జిమ్‌లోనూ వినిపిస్తోంది. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. కేటీ టేలర్ ఐరిష్, 2012 ఒలింపిక్ గోల్డ్ మెడల్ తర్వాత ప్రొఫెషనల్ అయింది. అమాండా సెర్రానోది ప్యూర్టో రికో, 2009 నుంచి రింగ్‌లో ఉంది. పై మెట్టు మీద నిలబడ్డ ఆ ఇద్దరి డబ్బు చూసి కింది మెట్టు లెక్క వేయలేం. 2025 షోలో మెక్సికో నుంచి యామిలెత్ మెర్కాదో ఆడింది. అప్పటికే ఆమె ప్రపంచ ఛాంపియన్. ఆ స్థాయికి వచ్చాక దొరికిన అవకాశం అది, మొదటి ఏడాది కాంట్రాక్ట్‌లో వచ్చింది కాదు.

కింది మెట్టు ఎలా ఉంటుందంటే, మొదటి బౌట్లు నాలుగు రౌండ్లవి. ఆడవాళ్లకు రౌండ్ రెండు నిమిషాలు. అంటే ఎనిమిది నిమిషాల ఆట కోసం నెలల తరబడి తయారీ, బరువు దింపుకోవడం, పస్తులు. చేతికొచ్చే పర్సులో, అంటే బౌట్‌కి ఇచ్చే డబ్బులో, మేనేజర్‌కి మూడో వంతు దాకా, ట్రైనర్‌కి పదో వంతు ఇవ్వడం ఈ వృత్తిలో మామూలు. ఆపైన వైద్య పరీక్షలు, ఫిజియో, తిండి. మొదటి రెండు మూడేళ్లు బాక్సింగే మీ అమ్మాయిని పోషిస్తుందనుకుంటున్నారా? మీరే బాక్సింగ్‌ని పోషించాలి.

ఈ రెండు నిమిషాల రౌండ్ల మీద పెద్ద గొడవే నడుస్తోంది. మగవాళ్ల టైటిల్ బౌట్ 12 రౌండ్లు, మూడేసి నిమిషాలు. ఆడవాళ్లది 10 రౌండ్లు, రెండేసి నిమిషాలు. మాకూ సమానంగా ఇవ్వాలని అమాండా సెర్రానో పట్టుబట్టి 2023లో 12 రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడింది. మెక్సికో సిటీలో ఆఫీసు ఉన్న డబ్ల్యూబీసీ ఆరోగ్యం పేరు చెప్పి ఒప్పుకోకపోతే ఆ బెల్ట్ వదులుకుంది. నేను నిమిషాల విషయంలో డబ్ల్యూబీసీ పక్షం, డబ్బు విషయంలో సెర్రానో పక్షం. తక్కువ నిమిషాలు ఆడతారు కాబట్టి తక్కువ ఇస్తామనే ప్రమోటర్లకు ఆ రూల్ భలే అక్కరకొచ్చింది.

నిఖత్ జరీన్ సంగతి. నిజామాబాద్ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయితే మనమంతా గర్వపడ్డాం. తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. కానీ అది అమెచ్యూర్ దారి. తలకు హెడ్‌గార్డ్, మూడు రౌండ్లు, వెనక ఫెడరేషన్, ప్రభుత్వం, స్పోర్ట్స్ కోటా. మీ ప్రమోటర్ చూపిస్తున్న దారిలో ఇవేవీ ఉండవు. మీ ఇంట్లో అమెచ్యూర్ ఆడుతున్న అమ్మాయిని ఆ దారి మాన్పించి, ఇంకో దారిలోకి పంపుతూ, నిఖత్ అవుతుందంటే ఎలా? అమెచ్యూర్‌లో కష్టాలు లేవని అనను. 2015లో మెక్సికో జాతీయ జట్టు బాక్సర్లు ప్రపంచ పోటీలకు వెళ్లడానికి డబ్బుల్లేక బస్సుల్లో జనాన్ని చందాలు అడిగారు. వాళ్లలో మిసాయెల్ రోద్రీగెస్ మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. మెక్సికో అమ్మాయిలు మొదటిసారి ఒలింపిక్ రింగ్ ఎక్కింది టోక్యోలోనే, ఎస్మెరాల్డా ఫాల్కోన్, బ్రియాండా క్రూజ్. అయినా 17 ఏళ్ల తలకు హెడ్‌గార్డ్ ఉన్న దారే మేలని నా అభిప్రాయం.

అయ్యా, ఇంకో మాట. అమ్మాయి పంచింగ్ బ్యాగ్ కొడుతున్న వీడియోలు రోజూ స్టేటస్‌లో పెట్టింది మీరే. ఇప్పుడు ఆవిడ భయపడుతుంటే ‘నీకేం తెలుసు’ అంటున్నారట. ఆవిడకు తెలియనిది మీకూ తెలియదు. పైగా దెబ్బ తినేది మీరిద్దరూ కాదు.

పోల్చమన్నారు కదా. బాక్సింగ్ పది, పదిహేనేళ్ల పని. ఇంజనీరింగ్ ముప్పై ఏళ్ల పని. ఒకటి చేస్తూ రెండోది చేయొచ్చని పైన చెప్పిన పేర్లే చూపించాయి. డిగ్రీలో చేరాక ఉదయం కాలేజీ, సాయంత్రం జిమ్. ఏ కోర్సు అన్నది అమ్మాయినే అడగండి. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ అన్నా ఆశ్చర్యపోకండి. అంతకన్నా పెద్ద పోలిక ఇక్కడ అవసరం లేదు. ఒక పిల్ల రోజూ సమయానికి లేచి, తిండి అదుపులో పెట్టుకుని, ఓడినా మర్నాడు జిమ్‌కి వెళ్తోందంటే, ఏ చదువులో చేరినా తన కాళ్ల మీద నిలబడుతుంది. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇక కాంట్రాక్ట్. 18 నిండిన రోజే ఐదేళ్లకు సంతకం వద్దు. తర్వాతెప్పుడైనా చేసినా ఏడాదికో, కొన్ని బౌట్లకో చేయండి. ప్రత్యర్థిని ఎవరు ఎంచుకుంటారు, కాదనే హక్కు మీ అమ్మాయికి ఉందా, మెదడు స్కాన్ ఖర్చు ఎవరిది, నాకౌట్ అయితే ఎన్నాళ్లు విశ్రాంతి, పరీక్షల రోజుల్లో బౌట్ పెడతారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. అక్కడ బాక్సింగ్ కమిషన్లు ఊరూరికీ వేరు. అందుకే అమ్మాయి మెడికల్ కాగితాల ఫైలు మీ ఇంట్లో ఉండాలి, మేనేజర్ దగ్గర కాదు.

మీ మెయిల్‌లో లేని ఇంకో చిక్కు ఉంది. అమ్మాయి మీ మీద ఆధారపడిన తాత్కాలిక నివాస కార్డుతో ఉంటే, డబ్బు తీసుకునే పనికి మెక్సికో ఇమిగ్రేషన్ అనుమతి కావాలి. బౌట్ పర్సు కూడా సంపాదనే. మెక్సికో జెర్సీతో ఒలింపిక్స్ ఆడాలంటే అక్కడి పౌరసత్వం కావాలి, అప్పుడు ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకోవాలి. మనకు రెండు పౌరసత్వాలు ఒప్పుకోరు. ఇండియాకి ఆడాలంటే ఇక్కడికొచ్చి సెలక్షన్లలో నెగ్గాలి. ఏది కావాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు. కానీ ఐదేళ్ల కాంట్రాక్ట్ తెచ్చినవాడు వీటిలో ఒక్కటైనా మీతో మాట్లాడాడా?

స్పారింగ్, అంటే జిమ్‌లో ఇంకొకరితో ప్రాక్టీస్ బౌట్, ఉన్న రోజు మీవారిని జిమ్‌కి పంపండి, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లమనండి. బాక్సర్లు తలకు దెబ్బలు ఎక్కువగా తినేది టీవీలో కాదు, స్పారింగ్‌లో. మెక్సికన్ జిమ్‌లలో స్పారింగ్ గట్టిగా నడుస్తుందని పేరే ఉంది. వారానికి ఎన్ని రౌండ్లు, ఎవరితో, వాళ్ల బరువెంత, తల తిరుగుతోందని అమ్మాయి అంటే కోచ్ ఏం చేస్తాడు, ఈ నాలుగూ అడిగి రాసుకురమ్మనండి. ఆ జవాబులూ, కాంట్రాక్ట్ కాపీ నాకు పంపండి. స్పానిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, చదివించుకుంటాను. ఈసారి మెయిల్ అమ్మాయి చేత రాయించండి.