డాక్టర్ సలహా: కడుపు పండిందని థైరాయిడ్ మాత్ర ఆపేశారా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది గాజువాక. ఎనిమిదో వారం నడుస్తోంది. పోపు వాసన తగిలితే చాలు వాంతి. ఊరికే ఏడుపొస్తోంది, మావారి మీద చిరాకు పడుతున్నాను. నా ఏడుపు బిడ్డకు చేటు చేస్తుందా? కుంకుమపువ్వు పాలు ఎన్నో నెల నుంచి తాగాలి? వేడి చేస్తుందని ఇంట్లో వాళ్లంటే థైరాయిడ్ మాత్ర (50) రెండు వారాల కిందట ఆపేశాను. బరువు 52 నుంచి 49 కిలోలకు తగ్గింది.

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రెండు సంగతులే నన్ను కంగారుపెట్టాయి.

ముందు మాత్ర. అది వేడి చేయదు. మీ ఒంట్లో తక్కువైన హార్మోన్‌నే బయటి నుంచి ఇస్తున్నాం. బిడ్డ థైరాయిడ్ గ్రంథి 12వ వారం దాటాక గానీ పని మొదలుపెట్టదు, పూర్తిగా అందుకునేసరికి దాదాపు 20 వారాలవుతుంది. అప్పటిదాకా మెదడు ఎదగడానికి కావాల్సిన హార్మోన్ మీ రక్తం నుంచే వెళ్లాలి. సరిగ్గా అవసరమైన రోజుల్లోనే ఆపేశారు! డాక్టర్‌ను ఒక్క మాట అడగాల్సింది. థైరాయిడ్ బాగా తగ్గితే గర్భస్రావం ముప్పు కూడా పెరుగుతుంది. రెండు వారాలే కాబట్టి బెంబేలెత్తకండి, మూడో వారం మాత్రం కానివ్వొద్దు.

ఈరోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. రేపు పొద్దున్న థైరాయిడ్ ఎలా ఉందో తెలిపే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పరీక్షలకు రక్తం ఇచ్చి, పాత 50 మైక్రోగ్రాముల మాత్రే మొదలుపెట్టండి. గర్భిణుల్లో చాలామందికి డోసు 25–30 శాతం పెంచాల్సి వస్తుంది. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తాం, ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి పరీక్ష చేయిస్తాం. ఎంత పెంచాలో రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో అడగొద్దు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున పడకపోతే, రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి పడుకునే ముందు వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. సీసా వంటింటి గట్టు మీద పెట్టకండి. మన సముద్రపు చెమ్మకు, పొయ్యి వేడికి మాత్రలు పాడవుతాయి.

ఇక వాంతులు. 52లో 3 కిలోలంటే 5 శాతం దాటింది. వేవిళ్లు మామూలేలే అని వదిలేసే స్థాయి కాదిది. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో కీటోన్లు (తిండి చాలక ఒంట్లో కొవ్వు కరిగితే కనిపించేవి), రక్తంలో సోడియం, పొటాషియం చూపించుకోండి. సెలైన్ అవసరం కావచ్చు. స్కాన్ ఇంకా కాకపోతే అదీ చేయించండి. కవలలున్నా వాంతులు ఎక్కువగా ఉంటాయి.

ఈలోగా మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు నమలండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలిపి, ఐదు నిమిషాలకోసారి రెండేసి చెంచాలు తాగండి. గటగటా తాగితే అదీ బయటికొస్తుంది. చోడి (రాగి) అంబలి చల్లార్చి తాగితే వాసన అంతగా తగలదు. పోపు పని మీవారికి అప్పజెప్పండి. డాక్సిలమిన్–బీ6 మాత్ర గర్భిణులకు ఇచ్చేదే గానీ మత్తుగా ఉంటుంది, డాక్టర్ రాస్తేనే వాడండి.

ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, రోజంతా గుక్కెడు నీళ్లు నిలవకపోయినా, రక్తం కనబడినా, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా విశాఖలోని ఘోషాసుపత్రికో, కేజీహెచ్‌కో, మీకు దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లండి.

ఏడ్చినందుకు బిడ్డకేమీ కాదు. హార్మోన్లు, నిద్రలేమి, ఖాళీ కడుపు కలిసి ఏడిపిస్తాయి, థైరాయిడ్ తగ్గినా దిగులుగానే ఉంటుంది. మాత్ర మళ్లీ మొదలైనా రెండు వారాలు దాటి రోజంతా దిగులుంటే మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో వాళ్లకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు. ఆ డబ్బు ఫోలిక్ యాసిడ్‌కు పెట్టండి. రోజూ కనీసం 400 మైక్రోగ్రాములు, 12 వారాలు నిండేదాకా. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత థైరాయిడ్ రిపోర్టులు, మాత్రల సీసా పట్టుకెళ్లండి.