మావాడి ఆదివారాలన్నీ స్కౌట్స్‌కే పోతున్నాయి, ఉద్యోగం సంగతేంటి?

ప్రశ్న: మాది కాజీపేట. నేను లోకోషెడ్‌లో టెక్నీషియన్‌ని. మా అబ్బాయికి 24 ఏళ్లు. బీఎస్సీ మ్యాథ్స్ తర్వాత బీఈడీ చేశాడు. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్నాలుగు వేలకు లెక్కలు చెబుతున్నాడు. చిన్నప్పుడు స్కౌట్స్‌లో ఉండేవాడు, పదో తరగతిలో స్కౌట్స్‌లో రాష్ట్ర స్థాయి అవార్డు రాజ్య పురస్కార్ కూడా వచ్చింది. ఇంటర్, డిగ్రీలో పూర్తిగా వదిలేశాడు. రెండేళ్ల నుంచి మళ్లీ మొదలుపెట్టి, పోయిన వేసవిలో స్కౌట్ మాస్టర్ బేసిక్ కోర్సు చేసి వచ్చాడు. ఇప్పుడు ఆదివారం తెల్లారితే చాలు, స్కార్ఫ్ కట్టుకుని గ్రౌండ్‌కు పోతాడు. పిల్లలు, తాళ్లు, టెంట్లు, అదే లోకం. ఒక్కోసారి జేబులోంచి ఖర్చు పెడుతున్నాడు. డీఎస్సీ చదువు మూలనపడింది. షెడ్‌లో తోటివాళ్లు 'స్కౌట్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తది, మానిపించకు' అంటున్నారు. మా బావమరిదేమో 'జీతం లేని కొలువు' అని ఎగతాళి చేస్తున్నాడు. ఎవరి మాట వినాలి? డిసెంబరులో పిల్లలను మూడు రోజులు అడవి దగ్గర చెరువు గట్టున క్యాంప్‌కు కూడా తీసుకుపోతున్నాడు.

జవాబు: ముందు మీ బావమరిది మాట తీసుకుందాం. ఎగతాళికి అన్నా ఆయన అన్నది నిజమే. స్కౌట్ మాస్టర్, గైడ్ కెప్టెన్, కబ్ మాస్టర్... ఊళ్లో యూనిట్ నడిపే వాళ్లెవరికీ ఆ పనికి జీతం ఉండదు. మన దగ్గరే కాదు, ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా అంతే. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇరవై మంది పిల్లలతో మొదటి క్యాంప్ పెట్టినప్పటి నుంచీ ఈ ఉద్యమం స్వచ్ఛంద నాయకుల మీదే నిలబడింది. కాబట్టి 'కొన్నాళ్లు చేస్తే పర్మనెంట్ చేస్తారు' అనే ఆశ మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇవాళే తీసేయండి.

ఇక షెడ్‌లో మీ తోటివాళ్ల మాట. అందులో సగమే నిజం. తక్కిన సగం తెలియక చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటాయి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట వాస్తవం. జోన్లవారీగా లెవెల్ 1, లెవెల్ 2 అనే కింది స్థాయి పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తారు. కానీ పోస్టులెన్ని? దక్షిణ మధ్య రైల్వే లాంటి పెద్ద జోన్ మొత్తానికి కలిపినా పట్టుమని ఇరవై ఉండవు. దరఖాస్తు చేయాలంటే రాష్ట్రపతి స్కౌట్, గైడ్, రోవర్, రేంజర్ అవార్డుల్లో (రోవర్, రేంజర్ అంటే స్కౌట్స్, గైడ్స్‌లో పెద్ద వయసు యువతీయువకులు) ఏదో ఒకటి ఉండాలి, లేదా స్కౌట్ నాయకుల శిక్షణలో పై మెట్టయిన హిమాలయ ఉడ్ బ్యాడ్జ్ ఉండాలి. మీవాడికి ఉన్న రాజ్య పురస్కార్ రాష్ట్రపతి అవార్డుకు ఒక మెట్టు కింద ఉంటుంది, దానితో దరఖాస్తు కుదరదు. దానికి తోడు జాతీయ స్థాయిలో గానీ అఖిల భారత రైల్వే స్థాయిలో గానీ రెండు కార్యక్రమాల్లో, రాష్ట్ర స్థాయిలో మరో రెండింటిలో పాల్గొని ఉండాలి.

అన్నిటికన్నా చాలామంది గమనించని షరతు ఇంకొకటి ఉంది. అభ్యర్థి గత ఐదేళ్లుగా స్కౌట్ సంస్థలో చురుగ్గా ఉండాలి. చిన్నప్పటి ఏళ్లు, ఇప్పటి ఏళ్లు కలిపి ఐదైతే చాలదు. మీ అబ్బాయి ఇంటర్, డిగ్రీలో వదిలేశాడని మీరే రాశారు. అంటే లెక్క రెండేళ్ల కిందటే మొదలైంది, ఇంకా మూడేళ్లు కావాలి. అప్పటికి 27 వస్తాయి. రాష్ట్రపతి రోవర్ అవార్డు తెచ్చుకుందామంటే రోవర్ వయసు 25తో అయిపోతుంది, ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. మిగిలింది ఉడ్ బ్యాడ్జ్ ఒక్కటే. బేసిక్ తర్వాత కొన్నాళ్లు ట్రూప్, అంటే స్కౌట్ పిల్లల దళం నడపాలి, అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలి, మళ్లీ ట్రూప్‌తో పని చేసి ఉడ్ బ్యాడ్జ్ పూర్తి చేయాలి. బేసిక్, అడ్వాన్స్‌డ్ ఒక్కోటి వారం రోజుల శిబిరం.

ఇవన్నీ దాటాక ఎంపిక నూరు మార్కులకు ఉంటుంది. రాతపరీక్షకు 60, సర్టిఫికెట్లకు 40. ఆ నలభైలో అదనపు జాతీయ శిబిరాలు, రాష్ట్ర, జిల్లా ర్యాలీలు, ప్రత్యేక కోర్సులు లెక్కకొస్తాయి. ఎనిమిదో తరగతి నుంచి తెగకుండా తిరిగిన పిల్లలతో మీవాడు పోటీ పడాలి. మూడేళ్ల తర్వాత, అన్నీ కుదిరితే, ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకోమనండి, తప్పేం లేదు. అయితే ఆ ఒక్క దరఖాస్తు కోసం డీఎస్సీని పక్కన పెడితే మాత్రం పిచ్చుక కోసం పంట వదిలేసినట్టే. నోటిఫికేషన్‌లో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. మీరు రైల్వేలోనే ఉన్నారు కాబట్టి, టీ బల్ల దగ్గర విన్నది వదిలేసి, చివరిసారి వచ్చిన నోటిఫికేషన్ కాగితం తెప్పించుకుని ఇద్దరూ కూర్చుని చదవండి.

డీఎస్సీలో స్కౌట్ సర్టిఫికెట్‌కు వెయిటేజీ ఉంటుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఉండదు. అక్కడ డీఎస్సీ మార్కులు 80, టెట్ వెయిటేజీ 20, అంతే. ఎన్ని క్యాంపులు చేసినా ఒక్క మార్కు కలవదు.

మరైతే మానిపించాలా? వద్దు.

మీవాడు లెక్కల మాస్టారు. పదో తరగతిలో సరూప త్రిభుజాలు చెప్పాలి. స్కౌట్స్‌లో 'ఎస్టిమేషన్' అని ఒక పాఠం ఉంటుంది, ఆయనకు బాగా తెలుసు. వేపచెట్టు మొదట్లో ఒక పిల్లవాణ్ని నిలబెడతారు. దూరంగా నిలబడి, చెయ్యి చాచి, పుల్ల పట్టుకుని, ఆ పిల్లవాడి ఎత్తు పుల్ల మీద ఎంత పడుతుందో గుర్తు పెట్టుకుంటారు. అదే కొలత చెట్టు మీద కింది నుంచి పైదాకా ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెడతారు. పిల్లవాడు 140 సెంటీమీటర్లు, ఐదుసార్లు పడింది, చెట్టు ఏడు మీటర్లు. ఇదంతా సరూప త్రిభుజాలే! బోర్డు మీద బొమ్మ గీసి ఏబీసీ, పీక్యూఆర్ అంటే తలవంచుకునే పిల్లలు చెట్టు దగ్గర ఎగబడతారు. డెమో క్లాసులో ఇది చూపించమనండి. ప్రైవేటు స్కూళ్లలో, గురుకులాల గెస్ట్ పోస్టుల్లో డెమోకే విలువ ఎక్కువ. ఆయన ఆదివారాలు సోమవారం క్లాసులో పనికొస్తున్నాయా, లేదా? నేనైతే ముందు ఇదే అడుగుతాను.

కేంద్రీయ విద్యాలయాల వైపు కూడా చూడమనండి. అక్కడ స్కౌట్స్ అండ్ గైడ్స్ పేరుకు నడిచే వ్యవహారం కాదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌కు ఒక రాష్ట్రంతో సమానమైన హోదా ఉంది. ప్రతి స్కూల్లో యూనిట్లు నడిపేది టీచర్లే. టీజీటీ మ్యాథ్స్‌కు, అంటే హైస్కూల్ లెక్కల టీచర్ పోస్టుకు డిగ్రీలో 50 శాతం మార్కులు, బీఈడీ, సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) రెండో పేపర్ కావాలి. స్కౌట్ శిక్షణ వల్ల పోస్టు రాదు, పరీక్ష పాసై రావాల్సిందే. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు 'క్లాసు బయట పిల్లలతో ఏం చేశారు?' అని అడిగితే మిగతా అభ్యర్థులు నీళ్లు నమిలే చోట ఈయనకు చెప్పడానికి ఉంటుంది.

ఆ చెప్పడం కూడా నేర్చుకోవాలి. నా దగ్గరకు వచ్చే రెజ్యూమేల్లో సగం వాటిలో 'లీడర్‌షిప్ క్వాలిటీస్, టీమ్ వర్క్' అని ఉంటుంది. చదివి చదివి నాకే విసుగు పుట్టింది, ఇంటర్వ్యూ బోర్డుకు పుట్టదా? జరిగింది రాయమనండి. ఎంతమంది పిల్లలు, ఎన్ని పెట్రోల్స్ (ట్రూప్‌లోని చిన్న జట్లు), మూడు రోజుల క్యాంప్‌కు తలకు ఎంత ఖర్చు వేశారు, చివరికి ఎంత తేలింది, వాన పడి టెంట్లు కూలితే ఏం చేశారు. పాత లాగ్‌బుక్కులు ఉంటే పారేయొద్దనండి. జేబులోంచి పెట్టిన ఖర్చు కూడా ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్‌లో రాయాలి. ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని నెలనెలా పిల్లల తల్లిదండ్రులకు చూపించాలి. అలా చూపిస్తే వాళ్లే ఖర్చు పంచుకుంటారు, మీవాడి జేబు మీద భారం తగ్గుతుంది. తన జీతంలోంచి నెలకు ఇంతకన్నా ఎక్కువ పెట్టను అని ఒక గీత గీసుకోవడం తప్పనిసరి.

టీచింగ్ కాకుండా ఔట్‌డోర్ రంగంలోకి వెళతానంటే కూడా ఆలోచించవచ్చు, అది సన్నని దారే అయినా. మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు భువనగిరి గుట్ట మీదే సాధన మొదలుపెట్టారు. అలాంటి శిక్షకుడు కావాలంటే ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో, డార్జిలింగ్‌లోని హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్‌లోనో పర్వతారోహణ బేసిక్ కోర్సుతో మొదలుపెట్టాలి. విపత్తుల్లో సహాయం చేసే జాతీయ దళం ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో చేరొచ్చంటారు కొందరు. అందులోకి నేరుగా తీసుకోరు, కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు.

ఇప్పుడు అసలు సమస్యకు, అంటే టైముకు వద్దాం. ఇక్కడ మీ అబ్బాయికి చురక వేయక తప్పదు. స్కౌటింగ్‌లో పెట్రోల్ పద్ధతి ఉన్నది దేనికి? ఆరుగురో ఎనిమిది మందో పిల్లలు ఒక పెట్రోల్, వాళ్లలో ఒకరు లీడర్. ఆ లీడర్లంతా కలిసి కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే సమావేశంలో కూర్చుని ట్రూప్ సంగతులు తేల్చుకుంటారు. స్కౌట్ మాస్టర్ పక్కన నిలబడి చూడాలి, అవసరమైనప్పుడే నోరు విప్పాలి. తాళ్లు సర్దడం, టెంట్లు మడవడం, ఫోన్లు చేయడం, వంటసామాను తేవడం అన్నీ ఈయనే చేస్తుంటే పిల్లలు నేర్చుకుంటున్నట్టు కాదు. ఒక్క మాట అడగండి: 'నాయనా, నువ్వు నెల రోజులు పోకపోతే ట్రూప్ నడుస్తదా?' నడవదంటే ఆయన ఇంకా నాయకుడు కాలేదు. కష్టపడే మనిషి, అంతే. పరీక్షల ముందు రెండు నెలలు అసిస్టెంట్‌కు, పెట్రోల్ లీడర్లకు అప్పగించి పక్కకు తప్పుకోగలిగితే డీఎస్సీకి టైము దొరుకుతుంది, ఆయన స్కౌట్ మాస్టర్ పని సరిగ్గా చేశాడని కూడా తేలుతుంది.

మామూలు రోజుల్లో ఆదివారం పొద్దున ఆరు నుంచి పది వరకు చాలు. స్కూలు నుంచి వచ్చాక రోజూ రెండున్నర గంటలు చదువు, ఆదివారం మధ్యాహ్నం ఒక మాక్ టెస్ట్. ఏడాదికి ఒక పెద్ద క్యాంప్, వేసవిలో స్టేషన్‌లో ప్రయాణికులకు మంచినీళ్లు పోసే సేవ లాంటివి ఒకటి రెండు. దీనికి మించి ఎవరు పిలిచినా 'ఈసారి కుదరదు' అనడం నేర్చుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో కాదనని మనిషి మీదే పనులన్నీ పడతాయి, ఇది నేను చూసిన మాట.

ఇవన్నీ చెప్పే ముందు మీరు కూడా ఒక పని చేయండి. ఒక ఆదివారం వాళ్లమ్మను తీసుకుని గ్రౌండ్‌కు వెళ్లండి. ముందుగా చెప్పొద్దు. చెట్టు కింద ఒక గంట కూర్చుని చూడండి. నేను స్కూల్లో స్కౌట్‌నే, ఏడాది పాటు రీఫ్ నాట్ అనుకుని తప్పుడు ముడి వేస్తూ వచ్చాను. మా మాస్టారు తిట్టలేదు. ఒకరోజు ఆ ముడితోనే నీళ్ల బకెట్ కట్టి ఎత్తమన్నారు. బకెట్ జారి నా కాళ్ల మీద పడ్డాక ఈ రోజు వరకు ఆ ముడి తప్పలేదు. మీవాడు పిల్లలతో అంత ఓపికగా ఉన్నాడా, అరుస్తున్నాడా, పిల్లలు ఆయన్ను చూసి భయపడుతున్నారా, దగ్గరకు వస్తున్నారా, గంటలో మీకే తెలిసిపోతుంది. టీచర్‌గా ఆయన ఎంత దూరం పోతాడో చెప్పడానికి నాకన్నా ఆ గంటే నయం.

ఉత్తరం చివర, డిసెంబరులో పిల్లలను మూడు రోజులు అడవి దగ్గర చెరువు గట్టున క్యాంప్‌కు తీసుకుపోతున్నాడని రాశారు. ఇది మాత్రం ఈ వారమే మాట్లాడండి. 2014 జూన్‌లో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ల దగ్గరకు పిల్లలను తీసుకెళ్లడమంటే ఉత్సాహం ఒక్కటే చాలదు. జిల్లా అసోసియేషన్ అనుమతి ఉందా? ప్రతి పిల్లవాడి తల్లో తండ్రో సంతకం చేసిన కాగితం ఉందా? ఈయనతో పాటు ఇంకో పెద్ద మనిషి మూడు రోజులూ ఉంటారా? ఆడపిల్లలు వస్తుంటే గైడ్ కెప్టెన్ వస్తున్నారా? పెద్దవాళ్లెవరూ ఒక్క పిల్లవాడితో టెంట్‌లో ఒంటరిగా ఉండకూడదన్న నియమం పాటిస్తున్నారా? ఇది పిల్లలకు ఎంత రక్షణో మీవాడికీ అంతే రక్షణ. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దగ్గరి ఆసుపత్రి ఫోన్ నంబరు, అత్యవసరానికి ఒక బండి ఉండాలి. చెరువులో దిగడానికి మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దని నా మాటగా చెప్పండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా క్యాంప్‌ను జనవరికి జరపమనండి, ఆలోగా ఒక మాక్ టెస్ట్ కూడా రాసుకుంటాడు.