నా చిన్నప్పటి చంద్రమతిని గ్రీన్‌రూంలో కలిసిన రాత్రి

మీ ప్రశ్న: ముప్పై ఏళ్లుగా అభిమానిస్తున్న రంగస్థల నటుడు వచ్చే వారం మీ ఊళ్లో నాటకం ఆడుతున్నారు. అయిపోయాక వెళ్లి కలవాలా, కలిస్తే ఏం మాట్లాడాలి, మనసులో ఉన్న రూపం చెదిరిపోతుందేమో అని మీ భయం. నాకూ సరిగ్గా ఇదే టెన్షన్ ఉండేది. తప్పకుండా కలవండి. ఎందుకంటున్నానో నాకు జరిగింది చెప్తాను.

మాది తాడిపత్రి దగ్గర చీనీ (బత్తాయి) తోటల ఊరు. 1989లో శ్రీరామనవమికి గుడి ముందర హరిశ్చంద్ర నాటకం పెట్టించారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా సీమ పల్లెల్లో ఈ నాటకమంటే రాత్రి పదింటికి మొదలైతే కోడి కూసేదాకా నడుస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం, కాటి సీనుకొచ్చేసరికి జాషువా గారి పద్యాలు కలుస్తాయి. రాగం నచ్చితే వన్స్‌మోర్ అని కేకలేస్తారు, పాడిందే మళ్లీ పాడాలి. ఒక్క గొంతు అంతసేపు తట్టుకోలేదు కాబట్టి హరిశ్చంద్ర వేషానికి ఇద్దరు ముగ్గురిని మాట్లాడుకుంటారు. ఆ రోజు మా ఊరికి ఇద్దరొచ్చారు. చంద్రమతి మాత్రం ఒక్కరే. పట్టుచీరతో వచ్చిన రాణి, నడిరేయి దాటాక నూలుచీరలో కాలకౌశికుడి ఇంట్లో దాసి, ఆఖరున జుట్టు విరబోసుకుని శ్మశానంలో తల్లి, అన్నీ ఆమే.

మా అమ్మ ఒళ్లో నిద్రపోతున్న నేను ఆ చివరి సీనుకు లేచాను. పాము కరిచిన లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ట్యూబ్‌లైట్ల చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. ఒకటి పిల్లవాడి ముక్కు దగ్గర వాలింది. ఆమె పద్యం ఆపకుండానే కొంగు కొనతో దాన్ని తోలింది. కాసేపటికి ఇంకోటి. మళ్లీ తోలింది. చచ్చిపోయిన బిడ్డ మీద కూడా పురుగు వాలనివ్వని తల్లి అనుకుని నేను వెక్కివెక్కి ఏడ్చాను. పద్యాలు ఇంకెవరైనా పాడతారు. ఆ కొంగు కదిపిన తీరు నేను మరెక్కడా చూడలేదు.

ఆ తర్వాత గుత్తిలో, ధర్మవరంలో, ఎక్కడ ఆమె పేరుతో కరపత్రం కనబడినా వెళ్లేదాన్ని. దగ్గరికి మాత్రం పోలేదు. కొంత బెరుకు, కొంత ఇంట్లో వాళ్ల మాటలు. నాటకాల్లో వేసే ఆడవాళ్లంటే మా వైపు చాలా ఇళ్లల్లో ఇప్పటికీ చిన్నచూపే. ఆడ వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టిన నాటకాల నటుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది ఇదే తాడిపత్రిలో. ఆయన పేరు గొప్పగా చెప్పుకునే నోటితోనే ఈ ఆడవాళ్లను తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల కిందట అనంతపురం లలిత కళా పరిషత్‌లో ఆమె నాటకం ఉందని తెలిసింది. ఆమెకు వయసు మీద పడింది, ఇక ఆలస్యం చేస్తే కలవలేనేమో అనిపించింది. నాటకం అయ్యేసరికి రాత్రి పదకొండు. జనమంతా హరిశ్చంద్రుడి చుట్టూ ఫోటోలకు మూగారు. నేను గ్రీన్‌రూం గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఇక్కడ మీకొక మాట. తెర పడగానే మీద పడిపోకండి. ఆమె అద్దం ముందు కూర్చుని కొబ్బరి నూనెతో రంగు తుడుచుకుంటోంది. నూనె చెంపల మీద గులాబీ రంగుగా కారుతోంది. సవరం విప్పి, మడిచి, గుడ్డ సంచిలో పెట్టుకుంది. అదంతా అయ్యేదాకా ఆగాను. ఆ పది నిమిషాలు ఆమెవి. పద్యం ఒకటి పాడి వినిపించమని కూడా అడగకండి, అప్పటికే గొంతు అరిగిపోయి ఉంటుంది. నేను ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లాను. సగం గ్లాసు తాగాక అప్పుడు నా వైపు తిరిగింది.

"యా ఊరు పాపా?"

వారం నుంచి మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. మీరంటే నాకు చాలా ఇష్టం అంటే ఆమె నవ్వి చేతులు జోడిస్తుంది, అంతటితో అయిపోతుంది. అందుకని నేను చూసింది చెప్పాను. మా ఊరి పేరు, రామాలయం, ట్యూబ్‌లైట్లు, కొంగుతో పురుగును తోలడం.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "అది నువ్వు చూసినావా!"

"చూసి ఏడ్చినానమ్మా."

"ఆ పిల్లోడు మీ ఊరోడే. మా పిల్లోనికి జ్వరమొస్తే ఆ సాయంత్రమే దొరకబట్టి రెండు ముక్కలు నేర్పించినాం. కాటి సీనుకు నిజంగానే నిద్రపోయినాడు. పురుగు వాలితే యాడ తుమ్ముతాడో అని నా ప్రాణం కొట్టుకుంటాంది. రాగం పైకెత్తితే లేస్తాడని ఆ పద్యం కింది స్థాయిలోనే పాడినా. జోల పాడినట్ల పాడినా. జనం అప్పటిదాకా యా ఊర్లోనూ అంత ఏడ్చింది ల్యా. ఆ పొద్దు నుంచీ ఆ పద్యం అట్లనే పాడతాండా."

మనసులోని రూపం చెదిరిపోతుందని మీరు భయపడుతున్నారు కదా. ముప్పై ఏళ్లు నేను తల్లి ప్రేమ అనుకున్నది, ఊరికే నిద్రపోతున్న ఒక పరాయి బిడ్డను లేపకుండా కాచుకోవడం. అది తెలిశాక ఆమె మీద ప్రేమ రెట్టింపయింది. నాకు రాగాల గురించి ఏమీ తెలియదు. అయినా ఆమె పాట మారిన రాత్రి నేను ఆ గుడి ముందరే ఉన్నాను.

ఆ పిల్లవాడెవరో నాకు తెలుసు. ఇప్పుడు మా ఊళ్లోనే చీనీ తోట చూసుకుంటున్నాడు, నాకు అన్న వరస. ఆ మాట చెప్పగానే "బాగుండాడా?" అని నా చెయ్యి పట్టుకుంది. పదకొండున్నర అయిందని కూడా చూడకుండా ఫోన్ చేసి, ఎవరో చెప్పకుండా ఆమె చేతికిచ్చాను. నాలుగైదు రింగులయ్యాక మత్తు గొంతుతో అన్న "ఎవురూ?" అన్నాడు.

"నాయనా లోహితాస్యా," అంది ఆమె, "నిద్ర లేపినానా?"